పునాదిని చదవండి, న్యాయంగా చదవండి

సమస్త స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకుల పైన, సహచరుల పైన అల్లాహ్ శాంతిశుభాలు కురిపించుగాక!



ఇల్లు కొనదలచుకున్నవాడు గోడల రంగు చూసి మురిసిపోడు. పునాది ఎలా వేశారు, స్థలం ఎవరిది, దస్తావేజులో ఏమి రాసుకున్నారు అని అడుగుతాడు. లింకు డాక్యుమెంట్లన్నీ తెప్పించి, తెలిసినవారి చేత చదివించి, అప్పుడు బయానా ఇస్తాడు. రెండు సెంట్ల స్థలం విషయంలో ఇంత జాగ్రత్త చూపే మనం, పుట్టి పెరిగిన దేశం ఏ పునాది మీద నిలిచిందో తెలుసుకోవడానికి మాత్రం సెల్‌ఫోనులో వచ్చిన నాలుగు వాక్యాలతో సరిపెట్టుకుంటున్నాం. “ఈ దేశం మీది కాదు” అని ఒకరంటే ఉడికిపోతాం. “ఈ దేశాన్ని నిలబెట్టింది మనమే” అని మరొకరంటే ఉప్పొంగిపోతాం. రెండు సందర్భాల్లోనూ పుస్తకం తెరిచి చూసేవారు బహు తక్కువ.

విశ్వాసికి చరిత్ర పఠనం కాలక్షేపం కాదు. చరిత్ర చదవడమంటే సాక్ష్యం వినడం. చదివినదాన్ని నలుగురికీ చెప్పడమంటే సాక్ష్యం పలకడం. సాక్ష్యం విషయంలో అల్లాహ్ కొన్ని షరతులు విధించాడు. ఒక జాతి ఎలా ఏర్పడిందో తెలుసుకునేటప్పుడు ఆ షరతులను ఎలా పాటించాలో ఈ నెల పరిశీలిద్దాం.

పుట్టుకను గుర్తుచేసే గ్రంథం

దివ్యఖుర్ఆన్ చరిత్ర పుస్తకం కాదు, మార్గదర్శక గ్రంథం. అయినా అందులో గత జాతుల ప్రస్తావన ఎంత విస్తారంగా ఉందో గమనించండి. యూసుఫ్ సూరా చివరి ఆయత్‌లో అల్లాహ్, ఆ గాథలలో బుద్ధిమంతులకు గుణపాఠం ఉందని స్పష్టం చేశాడు (12 : 111). బనీ ఇస్రాయీల్‌ను సంబోధించినప్పుడు మొట్టమొదట వారికి తమ పుట్టుకనే గుర్తుచేశాడు. తాను చేసిన మేలును తలచుకోమన్నాడు, తనతో చేసుకున్న ఒడంబడికను నెరవేర్చమన్నాడు (2 : 40). ఫిరౌను బానిసత్వం నుంచి విముక్తి, చీలిన సముద్రం, ఎడారిలో మన్న, సల్వా, తూర్ పర్వతం దగ్గర చేసిన ప్రమాణం, వీటన్నిటినీ ఒక్కొక్కటిగా వారి ముందు పరిచాడు.

ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గ్రహించాలి. ఆ జాతికి లభించిన గౌరవాన్ని ఖుర్ఆన్ దాచలేదు. అదే సమయంలో, సముద్రం దాటిన కొద్దికాలానికే వారు ఆవుదూడను పూజించిన సంగతినీ దాచలేదు. మేలునూ చెప్పింది, తప్పునూ చెప్పింది. ఒక జాతి పుట్టుకను ఎలా చెప్పాలో, ఎలా వినాలో మనకు నేర్పే మొదటి పాఠం ఇదే.

మదీనా విశ్వాసులకూ ఖుర్ఆన్ వారి పూర్వస్థితిని గుర్తుచేసింది. మీరు ఒకరికొకరు శత్రువులుగా ఉండేవారు, అల్లాహ్ మీ హృదయాలను కలిపాడు, అగ్నిగుండం అంచున ఉన్న మిమ్మల్ని రక్షించాడు అని తెలియజేసింది (3 : 103). ఆ మాట వెనుక ఒక రక్తచరిత్ర ఉంది. ఔస్, ఖజ్రజ్ తెగలు తరతరాలుగా కొట్టుకున్నాయి. హిజ్రత్‌కు కొన్నేళ్ళ ముందు జరిగిన బుఆస్ యుద్ధంలో ఇరుపక్షాల నాయకులూ నేలకొరిగారు. ఆ సంఘటన ద్వారా అల్లాహ్ తన ప్రవక్త రాకకు మార్గం సుగమం చేశాడని హజ్రత్ ఆయిషా (రజి) వివరించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. అంటే మదీనా సమాజం యుద్ధాలతో అలసిపోయిన ప్రజల మధ్య పుట్టింది. ఈ నేపథ్యం తెలియకపోతే అన్సార్ల త్యాగం విలువ కూడా మనకు తెలియదు.

ఒకే గతం, రెండు పఠనాలు

ఇదే బుఆస్ యుద్ధాన్ని మరొకరు మరో పనికి వాడుకోజూశారు. ఇబ్నె ఇస్‌హాఖ్ తన సీరత్ గ్రంథంలో ఆ ఉదంతాన్ని నమోదు చేశారు. ఒకనాడు ఔస్, ఖజ్రజ్‌లకు చెందిన ముస్లింలు ఒకచోట కూర్చుని ఆప్యాయంగా మాట్లాడుకుంటున్నారు. షాస్ బిన్ ఖైస్ అనే వృద్ధుడికి ఆ దృశ్యం కంటగింపయింది. వెంటనే ఒక యువకుణ్ణి పురమాయించాడు. వెళ్ళి వారి మధ్య కూర్చో, బుఆస్ రోజును కదుపు, ఆనాడు ఇరుపక్షాలూ చెప్పుకున్న కవితలు వినిపించు అన్నాడు.

యువకుడు అలాగే చేశాడు. చూస్తుండగానే మాటామాటా పెరిగింది. మళ్ళీ తేల్చుకుందాం రండంటూ ఆయుధాల కోసం పరుగులు తీశారు. ఈ కబురు తెలిసి దైవప్రవక్త (స) సహచరులను వెంటబెట్టుకుని వచ్చారు. నేను మీ మధ్య ఉండగానే, అల్లాహ్ మీకు ఇస్లాంను ప్రసాదించి మీ హృదయాలను కలిపిన తరువాత కూడా అజ్ఞానకాలపు పిలుపులా అని మందలించారు. వారు కళ్ళు తెరిచారు. కన్నీరు పెట్టుకుని ఒకరినొకరు కౌగిలించుకున్నారు.

ఆలోచించండి! ఆ యువకుడు వినిపించింది అబద్ధం కాదు. యుద్ధం జరిగిన మాట నిజమే, కవితలూ నిజమే. కానీ గతంలో ఒక ముక్కను తెంచి, గాయాన్ని కెలకడానికి దాన్ని వాడారు. ఖుర్ఆన్ అదే గతాన్ని మాన్పడానికి గుర్తుచేసింది. అందుచేత ఒక చారిత్రక కథనం మన చేతికి వచ్చినప్పుడు “ఇది నిజమా?” అని మాత్రమే అడిగితే చాలదు. “దీన్ని ఇప్పుడు నాకెందుకు వినిపిస్తున్నారు? దీనికి ముందు పేజీలో ఏముంది? తరువాతి పేజీలో ఏముంది?” అని కూడా అడగాలి. ఈనాడు ప్రతి ఊళ్ళోనూ షాస్ వారసులున్నారు. వాళ్ళకిప్పుడు యువకుణ్ణి పురమాయించే పనే లేదు, మన వేలే ఆ పని చేసిపెడుతోంది.

మదీనా పునాది పత్రం

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ముస్లింల కాలగణనను ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్న ప్రశ్న వచ్చింది. దైవప్రవక్త (స) జననం, దైవవాణి ఆరంభం, హిజ్రత్, పరమపదించిన రోజు అంటూ వివిధ సలహాలు వచ్చాయి. చివరకు హిజ్రత్ ఎంపికయింది. ఒక సమాజం తన కాళ్ళ మీద నిలబడిన సందర్భం అది. మనం హిజ్రీ సంవత్సరం రాసిన ప్రతిసారీ ఒక జాతి పునాదిని స్మరిస్తున్నామన్నమాట.

క్రీ.శ. 622లో మదీనా చేరిన దైవప్రవక్త (స) మస్జిద్ నిర్మించారు. ముహాజిర్లకూ అన్సార్లకూ మధ్య సోదరబంధం ఏర్పరచారు. ఆ తొలినాళ్ళలోనే మదీనా వాసుల మధ్య ఒక ఒప్పంద పత్రం రాయించారు. ముహాజిర్లు, అన్సార్ తెగలు తమ తమ రక్తపరిహారాలు, బందీల విడుదల సొమ్ము తామే చెల్లించుకోవాలి. అప్పుల భారంతో కుంగినవాణ్ణి విశ్వాసులు ఒంటరిగా వదిలేయరాదు. దౌర్జన్యం చేసినవాడు తమలో ఎవరి కొడుకైనా సరే అందరూ కలిసి ఎదిరించాలి. బనూ ఔఫ్‌కు చెందిన యూదులు విశ్వాసులతో కలిసి ఒక సముదాయం, యూదుల ధర్మం యూదులది, ముస్లింల ధర్మం ముస్లింలది. పట్టణంపై దాడి జరిగితే పరస్పరం సహకరించుకోవాలి. వివాదం తలెత్తితే తీర్పు కోసం అల్లాహ్ వైపు, ఆయన ప్రవక్త వైపు మరలాలి. ఆ పత్రంలోని ముఖ్యాంశాల సారాంశం ఇది.

ఒక జాతి పునాది రక్తసంబంధం మీదే ఉండనవసరం లేదని, రాతపూర్వకమైన వాగ్దానం మీద కూడా నిలుస్తుందని ఆ పత్రం లోకానికి చాటింది. తెగ పేరు చెబితే తప్ప ప్రాణానికి విలువలేని కాలంలో ఇది ఎంత పెద్ద మార్పో గమనించండి.

పెద్దలు చదివిన తీరు

ఈ పత్రం మన వరకూ ఎలా చేరింది? హిజ్రీ రెండో శతాబ్దికి చెందిన ఇబ్నె ఇస్‌హాఖ్ దీన్ని తన గ్రంథంలో పొందుపరిచారు. ఆ గ్రంథాన్ని ఇబ్నె హిషామ్ సంక్షిప్తపరచి మనకు అందించారు. కొన్ని విషయాలను తాను వదిలేస్తున్నానని ఇబ్నె హిషామ్ పీఠికలోనే చెప్పుకున్నారు. ఇది గ్రంథకర్త నిజాయితీ. ఇక పాఠకుల జాగ్రత్త చూడండి. ఇబ్నె ఇస్‌హాఖ్ ఈ పత్రాన్ని ఉల్లేఖకుల పరంపర చెప్పకుండా ఉటంకించారని పండితులు గుర్తించారు. అందుకని వేరే ఆధారాలు వెదికారు. అబూ ఉబైద్ రచించిన ‘కితాబుల్ అమ్వాల్’లో మరో ప్రతి దొరికింది. రెంటినీ పోల్చి చూశారు. ఇది ఒకేసారి రాసినదా, వేర్వేరు సందర్భాల ఒప్పందాల సమాహారమా అని ఈనాటికీ పరిశోధకులు చర్చిస్తూనే ఉన్నారు.

ఈ కృషిలో మన హైదరాబాద్ బిడ్డకు విశిష్ట స్థానం ఉంది. 1908లో హైదరాబాద్‌లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, జర్మనీలోని బాన్‌లోనూ పారిస్‌లోనూ డాక్టరేట్లు పొందిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ఈ పత్రాన్ని ప్రపంచంలోనే తొలి లిఖిత రాజ్యాంగంగా ప్రతిపాదించారు. క్లాజుల వారీగా విభజించి వివరించారు. ప్రవక్త (స) కాలం నాటి లేఖలను, ఒప్పందాలను సేకరించి అరబీలో ఒక పెద్ద సంకలనం వెలువరించారు. దశాబ్దాలపాటు పారిస్‌లో పరిశోధనలోనే గడిపి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. ప్రేమ ఉన్నచోట పరిశీలన అక్కర్లేదని ఆయన అనుకోలేదు. దైవప్రవక్త (స) పట్ల ప్రేమ ఉన్నందుకే ఒక్కొక్క ప్రతినీ వెదికి సరిచూశారు.

ప్రవక్త (స) చరిత్రనే ఇంత జాగ్రత్తగా పరీక్షించి స్వీకరించిన ఉమ్మత్ మనది. మరి మన దేశచరిత్ర దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటు ఏమైపోయింది?

మొదటి షరతు: విచారణ

దుర్మార్గుడు వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలని, లేకుంటే తెలియక ఒక వర్గానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అల్లాహ్ హెచ్చరించాడు (49 : 6). విన్నదల్లా చెప్పుకుపోవడమే ఒక మనిషి అబద్ధీకుడు కావడానికి సరిపోతుందన్న భావం గల హదీసు సహీహ్ ముస్లిం పీఠికలో ఉంది.

చరిత్ర పుస్తకాలన్నీ ఒక్క తరహావి కావు. ఆనాటి దస్తావేజులు, చర్చల నమోదులు ఒక తరహా. పాల్గొన్నవారి జ్ఞాపకాలు మరో తరహా. తరువాతివారు ఆ రెంటినీ చదివి రాసే చరిత్ర మూడో తరహా. మన రాజ్యాంగ పరిషత్తు 1946 డిసెంబరు 9న సమావేశమై, 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఎవరు ఏమన్నారో, ఎవరు కాదన్నారో ఆ చర్చలన్నీ 12 సంపుటాలుగా అచ్చయ్యాయి. రాజ్యాంగంలో మైనారిటీల గురించి ఏమి అనుకున్నారో తెలుసుకోవాలంటే ఆ పేజీలు తిరగేయాలి, వీధిచివర ఉపన్యాసం సరిపోదు.

జ్ఞాపకాల పుస్తకం ఒక సాక్షి వాంగ్మూలం వంటిది. మౌలానా అబుల్ కలాం ఆజాద్ ఉర్దూలో చెప్పగా హుమాయూన్ కబీర్ ఆంగ్లంలో రాసిన ‘ఇండియా విన్స్ ఫ్రీడమ్’ 1959లో, మౌలానా మరణించిన మరుసటి సంవత్సరం వెలువడింది. అందులో సుమారు 30 పేజీలను సీలు వేసి భద్రపరిచారు. 1988లో అవి బయటికొచ్చాక పూర్తి పాఠం అచ్చయింది. అంటే ఇరవై తొమ్మిదేళ్ళపాటు పాఠకులు కొన్ని పేజీలు లేని పుస్తకాన్నే చదివారు. మౌలానా ఎంత గొప్పవారైనా ఆయనది ఒక సాక్షి మాట. దాని పక్కన మరో సాక్షి మాట కూడా పెట్టుకుని చదవడమే న్యాయం.

రెండో షరతు: దాచకపోవడం

సాక్ష్యాన్ని దాచవద్దని, దాచినవాని హృదయం పాపపంకిలమని దివ్యఖుర్ఆన్ ప్రకటించింది (2 : 283). చరిత్రలో అబద్ధం చెప్పేవారికంటే నిజాన్ని దాచేవారే ఎక్కువ. ఒక పేరు తీసేస్తే చాలు, చదివేవాడికి అక్కడ ఖాళీ ఉన్నట్టే తెలియదు.

1857 జులై 17న హైదరాబాద్‌లో బ్రిటిషు రెసిడెన్సీపై దాడి జరిగింది. దానికి నాయకత్వం వహించినవారు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్. తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడి, జైలు నుంచి తప్పించుకుని, చివరకు 1859లో తుపాకీ గుళ్ళకు బలయ్యారు. మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ దీవులకు పంపారు. ఆయన అక్కడే తనువు చాలించారు. కోఠిలోని ఆ రెసిడెన్సీ భవనం ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు. ఎంతమంది పిల్లలకు ఈ రెండు పేర్లు తెలుసు? పాఠ్యపుస్తకంలో లేదని వాపోవడం తేలిక. మరి మన ఇంట్లో మనం చెప్పామా? మన మస్జిద్ మక్తబ్‌లో చెప్పామా?

అయితే మనవారి పేర్లు వెలికితీసి, ఇతరుల పేర్లు దాచిపెడితే మనమూ అదే పాపంలో భాగస్థులమవుతాం. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షులు, అస్సాంకు చెందిన సయ్యద్ ముహమ్మద్ సాదుల్లా ఒక సభ్యులు, మన తెలుగువారైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మరొక సభ్యులు. పరిషత్తులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉన్నారు, బేగం ఐజాజ్ రసూల్ ఉన్నారు. ఈ పునాదిలో అందరి రాళ్ళూ ఉన్నాయి. అన్నిటినీ లెక్కపెట్టడమే పూర్తి సాక్ష్యం.

మూడో షరతు: మన మీదికి వచ్చినా న్యాయమే

ఇది అన్నిటికంటే కఠినమైన షరతు. మీకు, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సరే అల్లాహ్ కోసం న్యాయంగా సాక్ష్యమివ్వమని ఆయన ఆజ్ఞాపించాడు (4 : 135). ఒక వర్గం పట్ల ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదని కూడా హెచ్చరించాడు (5 : 8). మొదటి ఆయత్ మన పక్షపాతానికి కళ్ళెం వేస్తుంది. రెండోది మన పగకు కళ్ళెం వేస్తుంది.

తెలుగు ముస్లింలమైన మనకు ఈ రెండు ఆయత్‌లూ కలిసి పరీక్ష పెట్టే సంవత్సరం 1948. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన సంవత్సరం అది. ఆ పేరు వినగానే కొందరి ఇళ్ళల్లో ఒక కథ, మరికొందరి ఇళ్ళల్లో మరో కథ వినిపిస్తుంది.

మొదటి పేజీ చదవండి. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు పల్లెల్లో దోపిడీలు, హత్యలు సాగించారు. ఈనాటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టులో జరిగిన హత్యాకాండను ఆ ఊరు ఇప్పటికీ మరచిపోలేదు. అదే ఆగస్టులో, సంస్థానం భారతదేశంలో కలవాలని రాసిన ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్ నగరంలోనే హత్య చేశారు. హంతకులూ ముస్లింలే, హతుడూ ముస్లిమే. విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యాన్ని ఎదిరించి ప్రాణాలు పోగొట్టుకున్న షేక్ బందగీ ముస్లిం. తెలంగాణ రైతాంగ పోరాట నాయకుల్లో ఒకరైన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. “అది మా రాజ్యం” అని గర్వపడేవారూ, “ముస్లింలందరూ రజాకార్లే” అని నిందించేవారూ ఈ పేజీని చదవనివారే.

ఇక రెండో పేజీ చదవండి. సెప్టెంబరు 13న మొదలైన సైనికచర్య 17న ముగిసింది. ఆ తరువాత సంస్థానంలో ముస్లింలపై జరిగిన దాడులను విచారించడానికి పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులతో ఒక సంఘాన్ని ఢిల్లీ ప్రభుత్వం పంపింది. 1948 చివర్లో వారు ఊరూరా తిరిగారు. చాలా తక్కువగా లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేల వరకు ప్రాణాలు పోయాయని వారు అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయని పేర్కొన్నారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. 2013 నాటికి ఢిల్లీలోని అప్పటి నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పాఠకులకు అందుబాటులోకి వచ్చింది.

ఆ నివేదికలోనే మూడో పేజీ ఉంది. దాన్ని ఇరుపక్షాల వారూ తరచుగా వదిలేస్తారు. తమ ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగులను కాపాడిన హిందువుల గురించి అది చెబుతుంది. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు తమతోపాటు మగ్గం నేసే ముస్లింలను రక్షించబోయి తామే నష్టపోయారని, అపహరణకు గురైన ముస్లిం స్త్రీలను వెదికి తేవడంలో ఎందరో హిందువులు తోడ్పడ్డారని నమోదు చేసింది.

మొదటి పేజీ మాత్రమే చదివినవాడు పొరుగువాణ్ణి ముద్దాయిగా చూస్తాడు. రెండో పేజీ మాత్రమే చదివినవాడు పొరుగువాణ్ణి హంతకుడిగా చూస్తాడు. మూడు పేజీలూ చదివినవాడికి పొరుగువాడు మనిషిగా కనిపిస్తాడు. అబద్ధపు సాక్ష్యం ఎంత ఘోరమైనదంటే, మహాపాపాలను వివరిస్తూ ఆ మాట దగ్గరికి రాగానే దైవప్రవక్త (స) ఆనుకుని ఉన్నవారు లేచి కూర్చున్నారని, ఆ మాటను పదేపదే హెచ్చరించారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఇంట్లో పిల్లల ముందు సగం కథ చెప్పేటప్పుడు ఈ హదీసు మనకు గుర్తుకు రావాలి.

చదివింది ఎందుకు? వాగ్దానం కోసం

జాతి పునాదిని చదవడం వల్ల చివరికి మనకు తెలియవలసింది ఒక్కటే. ఏమి ఒప్పుకున్నారు? ఎవరెవరు ఒప్పుకున్నారు? ఒడంబడిక గురించి తప్పక విచారణ జరుగుతుందని అల్లాహ్ హెచ్చరించాడు (17 : 34). విచారణ జరిగే ఒప్పందంలో ఏముందో తెలియకుండా దాన్ని ఎలా నిలుపుకోగలం?

1938లో మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ ‘ముత్తహిదా ఖౌమియత్ ఔర్ ఇస్లాం’ అనే పుస్తకం రాశారు. వేర్వేరు ధర్మాలవారు ఒక దేశవాసులుగా కలిసి ఒక ఒప్పందం కింద జీవించవచ్చని వాదిస్తూ మదీనా పత్రాన్ని ఆధారంగా చూపారు. ఆయనతో విభేదించినవారూ ఉన్నారు. అదే ఏడాది ఈ విషయంపై ఆయనకూ అల్లామా ఇఖ్బాల్‌కూ మధ్య జరిగిన వాదం ప్రసిద్ధమే. ఇద్దరివీ చదవాలి. మదీనా పత్రం ప్రకారం తుదితీర్పు అల్లాహ్‌ది, ఆయన ప్రవక్తది. మన రాజ్యాంగం మనుషులు కూర్చుని చర్చించి రాసుకున్నది. రెండూ ఒకటే అనడం సరికాదు. కానీ వాగ్దాన పాలన విషయంలో విశ్వాసి బాధ్యత రెండుచోట్లా ఒకటే.

రాజ్యాంగ పరిషత్తులో మనవారందరూ ఒకే మాట అనలేదు. మద్రాసు నుంచి వచ్చిన పోకర్ సాహెబ్ 1947 ఆగస్టులో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని ప్రతిపాదించారు. సభ తిరస్కరించింది. చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్ మైనారిటీలను మెజారిటీ నుంచి శాశ్వతంగా వేరుచేస్తుందని బేగం ఐజాజ్ రసూల్ 1949లో వాదించారు. ఎవరి వాదన సరైనదన్నది వేరే చర్చ. బహిరంగంగా వాదించుకున్నారు, విన్నారు, తరువాత ఒక పత్రానికి వచ్చారన్నది చరిత్ర. న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అందరికీ అన్నారు. 25వ అధికరణంలో ధర్మాన్ని ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ రాశారు. 30వ అధికరణంలో మైనారిటీలకు విద్యాసంస్థలు నెలకొల్పుకునే హక్కు రాశారు. ఇవి ఎవరో దయతలచి వేసిన భిక్ష కాదు, పునాదిలో రాసుకున్న మాట. అలాగే మన పైనా బాధ్యతలు మోపిన మాట. హక్కుల పేజీని చదివి బాధ్యతల పేజీని మూసేయడం కూడా సాక్ష్యాన్ని దాచడమే.

ఒప్పందం మనకు చేదుగా ఉన్నప్పుడు ఏమి చేయాలి? హుదైబియా చూడండి. హిజ్రీ 6వ సంవత్సరంలో సంధిపత్రం రాస్తుండగా ‘దైవప్రవక్త’ అన్న పదానికి ఖురైష్ ప్రతినిధి సుహైల్ అభ్యంతరం చెప్పాడు. దైవప్రవక్త (స) ఆ పదం తీయించి ‘ముహమ్మద్ బిన్ అబ్దుల్లాహ్’ అని రాయించారు. అప్పుడే సుహైల్ కొడుకు అబూ జందల్ (రజి) సంకెళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చి ముస్లింలను శరణు వేడారు. సహచరుల గుండెలు తరుక్కుపోయాయి. అయినా మాట ఇచ్చాం కనుక తప్పజాలమని ప్రవక్త (స) ఆయనకు ఓర్పు బోధించి వెనక్కి పంపారు. కొద్దికాలానికే అల్లాహ్ ఆ సంధి ద్వారా విజయద్వారాలు తెరిచాడు. మాట మీద నిలబడిన జాతిని అల్లాహ్ ఎన్నడూ అవమానపరచడు.

మనం చేయవలసినవి

ప్రియ సోదరులారా! ప్రతి మస్జిద్‌లో ఖుర్ఆన్, హదీసు గ్రంథాల పక్కన ఒక చిన్న అలమరా చరిత్ర పుస్తకాలకు కేటాయించండి. రాజ్యాంగం తెలుగు ప్రతి ఒకటి అందులో ఉండాలి. నెలకొకసారి ఇషా నమాజు తరువాత అరగంట కూర్చుని ఒక అధ్యాయం చదివించండి. ఒకే సంఘటన మీద ఇద్దరు భిన్న రచయితల పుస్తకాలు పిల్లల చేతికివ్వండి. తేడా ఎక్కడుందో వారినే చెప్పనివ్వండి. ఊళ్ళో పెద్ద వయసువారు ఉంటే, వారు ఏ మతస్థులైనా సరే, కళ్ళారా చూసినదాన్ని అడిగి, తేదీతో, పేరుతో రాసిపెట్టండి. వారితోపాటు వారి సాక్ష్యమూ మట్టిలో కలిసిపోకముందే ఆ పని జరగాలి. సోదరీమణులారా! రాత్రి పిల్లలు నిద్రపోయేముందు మీరు చెప్పే కథే వారి మొదటి చరిత్ర పుస్తకం. అందులో విషం లేకుండా చూసుకోండి, నిజం లోపించకుండానూ చూసుకోండి.

ఆధారం తెలియని కథనం మీ ఫోనుకు వస్తే అది మీ దగ్గరే ఆగిపోవాలి. అది మన వర్గాన్ని పొగిడేదైనా సరే.

ప్రళయదినాన మన చెవి, మన చూపు, మన హృదయం గురించి ప్రశ్నించడం జరుగుతుంది (17 : 36). విన్న కథలకూ, పంపిన కథలకూ, దాచిన పేజీలకూ ఆనాడు లెక్క చెప్పవలసిందే.

ఓ అల్లాహ్! మాకు సత్యాన్ని సత్యంగా చూపి దాన్ని అనుసరించే భాగ్యం ప్రసాదించు. అసత్యాన్ని అసత్యంగా చూపి దానికి దూరంగా ఉండే భాగ్యం ప్రసాదించు. మాకు వ్యతిరేకంగానైనా న్యాయం పలికే ధైర్యమివ్వు. ఈ దేశవాసుల హృదయాలను కలుపు. ఇచ్చిన మాట నిలుపుకునేవారిలో మమ్మల్ని చేర్చు. ఆమీన్!